కలపని అంకె

మిల్లగూరా
14 జనవరి 2024

ఒసే భానూ,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేంటి అనుకోకు. నా చెవుల సంగతి నీకు తెలిసిందే. ఫోన్లో నువ్వు చెప్పేదాంట్లో సగం వినపడదు, వినపడిన సగానికి నాకు కోపం వస్తుంది. కాగితం మీదైతే నన్ను మధ్యలో ఆపేవాళ్ళుండరు. నువ్వూ ఉత్తరమే రాయి, తెలుగులో రాయి. మెల్‌బోర్న్‌లో పీహెచ్‌డీ చేసినంత మాత్రాన ఒత్తులు మర్చిపోయి ఉండవులే.

మొన్న నది పధ్నాలుగు మీటర్లు లేస్తుందని మెసేజ్ పెట్టావు. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన మన ఇంటి నేలే, వంతెన దగ్గరి కొలత ప్రకారం, పన్నెండున్నర. అంటే మంచాలు మునగాల్సిందే. నా మేనకోడలు నదుల మీద రీసెర్చ్ చేస్తోంది, శాటిలైట్ చూసిన వానని కంప్యూటర్లో పోసి మన నది ఎంత లేస్తుందో ముందే చెప్తుంది అని వీధంతా తిరిగి డప్పు కొట్టాను. ఎదురింటి గ్యారీ చేత సోఫాలు ట్రక్కెక్కించాను. మన టేకవే కొట్టు మూసేశాను. నానబోసిన మినప్పప్పు పారబోశాను. మీ అత్తయ్యని ఆ మోకాళ్ళతో ఒక్కో మెట్టు మీదా కూచోబెట్టి దింపి, వరదప్పుడు జనాన్ని ఉంచే షోగ్రౌండ్ హాల్లో పడుకోబెట్టాను. వాళ్ళిచ్చిన మంచం నేలకి జానెడెత్తు. పడుకుంటే లేవలేదు, లేస్తే పడుకోలేదు.

నది ఎంతొచ్చిందో తెలుసా తల్లీ? పదకొండు. మన గేటు దాకా వచ్చి, లోపలికి రావడానికి మొహమాటపడి వెనక్కి పోయింది. ఇప్పుడు వీధిలో నా పేరు చలపతి కాదు, బైబిల్లో వరదకి ఓడ కట్టిన నోవా. ఓడ ఎంతవరకొచ్చింది అని గ్యారీ రోజూ పొద్దున్నే అడుగుతున్నాడు. ఇరవయ్యేళ్ళు ఈ ఊళ్ళో ఇడ్లీ తినిపించి సంపాదించుకున్న పరువు, నీ ఒక్క మెసేజ్‌తో నవ్వులపాలైంది.

మీ శాటిలైట్‌కి కళ్ళజోడు పెట్టించండి ముందు.

మీ మావయ్య
చలపతి

భానూ, ఆయన రాసిందేం పట్టించుకోకు. హాల్లో బాగానే ఉంది. ఒక ముసలావిడ బిస్కెట్లిచ్చింది. బాత్రూమ్‌కి మాత్రం ఇద్దరు మగపిల్లలు పట్టుకుని తీసుకెళ్ళాల్సొచ్చింది, అప్పుడు చచ్చేంత సిగ్గేసింది. పెరట్లో గోంగూర ఏపుగా పెరిగింది, పచ్చడి పంపిస్తాను. – లీలత్తయ్య


వెర్రిబీ
29 జనవరి 2024

మావయ్యా,

ఒత్తులన్నీ ఉన్నాయో లేదో చూసుకుని మార్కులెయ్యి. పచ్చడి వచ్చింది. మీ అల్లుడు వెంకట్ నాకు మిగల్చలేదు, అందుకని అత్తయ్య మళ్ళీ పంపాలి.

నీ కోపం న్యాయమే. కానీ శాటిలైట్‌ని తిట్టేముందు అదేం చేస్తుందో విను. మీ నదిని నింపేది ఊళ్ళో కురిసే వాన కాదు, పైన కొండల్లో కురిసేది. అక్కడ మనుషులుండరు, రోడ్లుండవు. వాన కొలిచే గేజులు రెండే ఉంటే, ఒకదాని మీద చెట్టు పడింది. అందుకే శాటిలైట్. అదేమో వాననే చూడదు. మబ్బు నెత్తి ఎంత చల్లగా ఉందో చూసి, కింద ఎంత పడుతుంటుందో అంచనా కడుతుంది. గుమ్మం బయట చెప్పులు చూసి లోపల పెళ్ళికి ఎంతమందొచ్చారో చెప్పినట్టు అనుకో.

ఆ అంచనాని కంప్యూటర్లో లెక్క కట్టే నా మోడల్‌కిస్తాను. కొండ నేల ఎంత నీళ్ళు తాగుతుంది, మిగిలింది ఎంత తొందరగా దిగి వస్తుంది, ఇవన్నీ మోడల్లో మరల్లాంటివి. పాత సంవత్సరాల వాన పోసి, మోడల్ చెప్పిన నదీ, వంతెన దగ్గర నిజంగా పారిన నదీ దగ్గరపడేదాకా ఆ మరలు తిప్పుతూ కూచోవాలి. కాలిబ్రేషన్ అంటే అంతే. మొన్న కొండలు ఎండిపోయి ఉన్నాయి, మోడల్ తడిగా ఉన్నాయనుకుంది. ఆ మర సరిచేశాను. ఇంకోసారి అంత తేడా రాదు.

నోవా అన్నందుకు గ్యారీకి ఈసారి కారం దోసె వెయ్యి. నేను యూనివర్సిటీ సెలవులకి మీ ఇంటికొచ్చినప్పట్నుంచీ ఆయన నోరంతే.

మీరిద్దరూ వెర్రిబీ వచ్చెయ్యొచ్చుగా? మాకో గది ఖాళీగా ఉంది. ఇక్కడ మెట్లు లేవు, నది కూడా మర్యాదగా ఉంటుంది. అమ్మ కూడా గిరావీన్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఇదే మాట. తమ్ముడు ఆ నది ఒడ్డున ఏం రుచి మరిగాడో అంటుంది.

నీ
భాను


మిల్లగూరా
6 మే 2024

భానుశ్రీకి,

మీ ఆయన బ్రిస్బేన్‌లో పని చూసుకుని, దార్లో మా ఇంట్లో ఒక పూట ఆగి వెళ్ళాడు. మంచి పిల్లాడు. పెసరట్టు ఎవరు పెట్టినా వాళ్ళకి నిజం చెప్పేస్తాడు.

పోయిన నెల నది పదమూడంటూ మెసేజ్ పెట్టావు. నేను మళ్ళీ మీ అత్తయ్యని దింపాను. ఈసారి మూడో మెట్టు దగ్గర కాలు మెలికపడి కేక పెట్టింది. ఆ కేక వీధంతా విన్నది, ఈ చెవిటివాడితో సహా. మళ్ళీ ఆ హాలు, ఆ జానెడు మంచం. నది వచ్చింది పదిన్నర. మన గేటు మొహం కూడా చూడలేదు.

సరే, లెక్క తప్పింది పాపం, పిల్ల కష్టపడుతోంది అని నేను సర్దుకుంటుంటే, వెంకట్ చట్నీ నంజుకుంటూ అంటాడు కదా, మోడల్ పదకొండే చెప్పింది మావయ్యా, మీకు చెప్పేటప్పుడు భాను రెండు కలుపుతుంది, లేకపోతే మీరు కదలరట అని.

నేనేమన్నా చంటిపిల్లాణ్ణా, బూచాడొస్తాడని చెప్పి అన్నం తినిపించడానికి? నీ మోడల్ తప్పితే ఊరుకుంటాను. యంత్రం కదా, తప్పుతుంది. నువ్వు, నా చేతుల మీద పెరిగినదానివి, తెలిసి తెలిసి అబద్ధమాడి ఒక మనిషిని మెట్ల మీద ఈడిపించావు. మీ అత్తయ్యకి చెప్పలేదు. చెప్తే నిన్నే వెనకేసుకొస్తుంది. అది ఇంకా ఒళ్ళుమంట.

జవాబు రాయకపోయినా పర్లేదు.

చలపతి


వెర్రిబీ
19 మే 2024

మావయ్యా,

రాస్తాను. నీకొక్కడికేనా కోపం వచ్చేది?

మీ ఇంటి హాల్లో గోడ గడియారం ఇరవై నిమిషాలు ముందుంటుంది. అత్తయ్య తొందరగా తెమలాలని నువ్వే పెట్టావు. అది ముందుందని అత్తయ్యకి తెలుసు, గడియారం చూసి ఇరవై తీసేసుకుని నింపాదిగా జడేసుకుంటుంది. ఆవిడ తీసేసుకుంటుందని తెలిసి నువ్వు బస్సు టైమ్ ఇంకో అరగంట ముందుకి చెప్తావు. మన ఇళ్ళల్లో ఎవరం ఎవరికి ఉన్నదున్నట్టు చెప్పాం? పెళ్ళి పిలుపుల్లో కూడా ముహూర్తం గంట ముందుకి చెప్తేగాని జనం రారు కదా.

నేను మొదట్లో ఉన్నదే చెప్పాను. గుర్తుందా? పదకొండు వస్తుందంటే, మా భాను భయస్తురాలు, తొమ్మిదనుకోండి అని నలుగురికీ చెప్పి కారు టేకవే వెనకే వదిలేశావు. పదకొండే వచ్చింది. కారు నదికి పోయింది. నేను ఏ అంకె చెప్పినా నువ్వు అందులో రెండు తీసేస్తావని అప్పుడే అర్థమైంది. నువ్వు తీసేస్తావు కాబట్టి నేను కలిపాను. కార్లో నువ్వొక్కడివే కూచోవుగా, పక్కన అత్తయ్య ఉంటుంది.

ఆవిడ కేక పెట్టిందని చదివి నేనెంత ఏడ్చానో వెంకట్‌ని అడుగు. పెసరట్టు పెట్టి అడుగు.

నిజం చెప్పమంటావా, నిజమనేది ఒక్క అంకె కాదు మావయ్యా. మోడల్ పదకొండంటే, పదకొండుకి అటో ఇటో ఒకటిన్నర. అదీ పెద్ద వానకి ఇంకా పెరుగుతుంది. ఆ మాట అంటే నీకు ఎటూ తేలని మాటలా వినపడుతుంది. అందుకే పై అంకె ఒకటి తీసుకుని చెప్పేదాన్ని. దాన్ని అబద్ధమంటే నేనేం చెయ్యను.

భాను


మిల్లగూరా
8 డిసెంబర్ 2024

భానూ,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయబోతే తిట్లే వచ్చాయి, చింపేశాను. ఇప్పుడు అవసరం పడింది కాబట్టి మంచిగా రాస్తున్నాను. చూశావా, నేను కూడా ఉన్నదున్నట్టే చెప్తున్నాను.

మీ అత్తయ్య మోకాలి ఆపరేషన్‌కి ఎట్టకేలకు తేదీ ఇచ్చారు. ఫిబ్రవరిలో. గవర్నమెంటాస్పత్రి వెయిటింగ్ లిస్టులో మా నంబరు వచ్చేసరికి నా జుట్టు ఊడింది. ఫిబ్రవరి అంటే సరిగ్గా వానల్లో. వాయిదా వేద్దామంటే మళ్ళీ ఎప్పటికిస్తారో తెలియదు. ఇక ఆ నొప్పి పడలేనంటోంది. నిద్రలో కూడా మూలుగుతోంది, నాకు వినపడదనుకుంటుంది పిచ్చిది, మంచం కదులుతుంది కదా.

ఆపరేషనయ్యాక కొన్ని వారాలు దాన్ని మెట్లు దింపకూడదట. కుట్లు మానాలి, కాలు ఒక పద్ధతిలో ఉంచాలి అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అయినా సరే, నీళ్ళు ఇంట్లోకొస్తాయంటే భుజానేసుకుని దింపుతాను. రానప్పుడు మాత్రం దింపలేను. వట్టి భయానికి దాని కాలు పాడుచెయ్యలేను. అందుకని ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి నది లేస్తుంటే నీ మోడల్ ఏమంటుందో ఆ అంకె చెప్పు. కలపకు. అటూ ఇటూ అని గొణగకు, అది కూడా నా దృష్టిలో కలపడమే. ఒక్క అంకె. పన్నెండున్నర దాటితే కదులుస్తాను, దాటకపోతే కదల్చను. నేను ఒక్క సెంటీమీటరు కూడా తీసెయ్యను, మాట.

గవర్నమెంటు హెచ్చరికల్లో రావచ్చు, పోవచ్చు అని రాస్తారు. అది చూసి నేనేం తేల్చుకోను? నువ్వైతే నా మనిషివి.

అత్తయ్య మీద ఒట్టేసి రాయి.

మావయ్య

భానూ, పోస్టు డబ్బాలో వేసేది గ్యారీ, కవరు అంటించేది నేను. కాబట్టి ఇది ఆయన చూడరు. నాకా హాలంటే భయం. నీళ్ళంటే లేదు. ఆ బాత్రూమ్ గుర్తొస్తే ఒళ్ళు చచ్చిపోతుంది. కానీ నాకు అంకెలు తెలియవు. నువ్వు పొమ్మంటే పోతాను, ఉండమంటే ఉంటాను. మీరిద్దరూ మళ్ళీ మాట్లాడుకుంటున్నారు, నాకదే సంతోషం. – లీలత్తయ్య


వెర్రిబీ
5 జనవరి 2025

మావయ్యా,

నీ ఉత్తరం చదివి, ఇన్నాళ్ళకి మన ఇద్దరికీ బుద్ధొచ్చిందని నవ్వుకున్నాను. నువ్వు తీసెయ్యనంటున్నావు, నేను కలపనంటున్నాను. అమ్మకి చెప్తే నమ్మలేదు.

సరే. అత్తయ్య మీద ఒట్టు. మోడల్ ఏ అంకె చెప్తే అదే పంపుతాను, ఒక్క అంకె.

ఈ ఏడాది మోడల్ చాలా బాగుపడింది. శాటిలైట్ కొండ వానల్ని కొంచెం తక్కువ చేసి చూస్తుంది. గాలి కొండకి కొట్టుకుని పైకి లేచినప్పుడు కురిసే వానకి మబ్బులు మరీ ఎత్తుకి పోవు, చల్లబడవు, కాబట్టి దానికి తెలియదు. ఆ లోటు పూడేలా మరలు తిప్పాం. గడిచిన వరదలన్నిటికీ వేసి చూస్తే వేలు పెట్టి చూపించేంత తేడా కూడా లేదు. కాకపోతే, శాటిలైట్ డేటా ఉన్న ఇన్నేళ్ళలో మీ నదికి నిజంగా పెద్ద వరద రాలేదు. వస్తే ఎలా ఉంటుందో మోడల్ ఎప్పుడూ చూడలేదు. ఇది రాయకూడదేమో, ఇది కూడా కలపడమే అంటావేమో. ఒక్కసారి రాశాను, ఇంక రాయను.

మా టీమ్ మీటింగులో ప్లస్ ఆర్ మైనస్ లేకుండా అంకె చెప్తే నన్ను బయటికి నెట్టేస్తారు. నీకోసం చెప్తున్నాను, ఎవరితో అనకు.

అత్తయ్యా, ఆపరేషన్‌కి నేనొస్తానంటే మావయ్య వద్దంటున్నాడట. కుట్లు విప్పేటప్పటికి వస్తాను. అప్పుడు నీకు జడ నేనేస్తాను.

నీ
భాను


వెర్రిబీ
9 మార్చి 2025

మావయ్యా,

మిమ్మల్నిద్దర్నీ పడవలోకి ఎక్కించారని అమ్మ ఫోన్ చేసేదాకా నేను మంచినీళ్ళు కూడా తాగలేదు. నీకు పెట్టిన మెసేజీలకి జవాబు లేదు. నీ ఫోన్ నీళ్ళలో పోయిందని తర్వాత తెలిసింది. బుధవారం మధ్యాహ్నం నేను పన్నెండు అని పంపినప్పుడు, నమ్ముతున్నాను అని జవాబు పెట్టావు. ఆ మాటే పదిసార్లు తీసి చూసుకుంటూ కూచున్నాను.

పదమూడున్నర వచ్చింది. పొద్దున్నే నీళ్ళు నేల మీదికొచ్చాయని, నువ్వు అత్తయ్యని వంటింటి గట్టు మీదికెక్కించి, ఆ కాలు పైకెత్తి పట్టుకుని మధ్యాహ్నం దాకా నీళ్ళలో నిలబడ్డావని అమ్మ చెప్పింది. ఎంత ఎత్తి పట్టినా కట్టు తడిసిందట. ఇంకేం పర్లేదు, అత్తయ్య ఆస్పత్రిలో ఉంది, ఒకటి రెండు రోజుల్లో పంపించేస్తారట. ఇల్లు పోతే పోయింది. మీరిద్దరూ బయటపడ్డారు, నాకు అది చాలు. దేవుడికి దణ్ణం పెట్టుకోవడం మానేసినదాన్ని, ఆ రోజు పెట్టుకున్నాను.

ఏం జరిగిందో నీకు చెప్పాలి, లేకపోతే నేను మళ్ళీ అబద్ధమాడాననుకుంటావు. వాన పడుతుండగా వచ్చే శాటిలైట్ డేటా పచ్చిది. నేల మీది గేజులతో సరిచూసిన డేటా చాలా రోజుల తర్వాత వస్తుంది, అప్పటికి నది వచ్చి పోతుంది. ఈసారి సముద్రం నుంచి వచ్చిన గాలి రెండ్రోజులు అదే కొండని కొడుతూ ఉండిపోయింది. పడిన వానలో దాదాపు సగం శాటిలైట్‌కి కనపడలేదు. చిన్న వానల్లో ఆ లోటుని మేం తిప్పిన మరలు పూడ్చేవి. ఇంత పెద్దదాన్ని పూడ్చలేకపోయాయి. మావయ్యా, మోడల్ ఇన్నాళ్ళూ ఒప్పు జవాబే చెప్పింది కానీ తప్పు కారణంతో చెప్పింది. అది తెలుసుకోవాలంటే ఇలాంటి వరద ఒకటి రావాల్సిందే. ఇలాంటి దానికోసమే కదా ఇన్నేళ్ళుగా ఎదురుచూశాం అంటున్నారు మా ప్రొఫెసర్. దీన్ని కలుపుకుని మళ్ళీ కాలిబ్రేట్ చేస్తే, పెద్ద వరదలకి మోడల్ ఒక్కసారిగా ఎంత మెరుగైందో చూస్తే నీకే ఆశ్చర్యమేస్తుంది.

ఒక చిన్న సాయం. ఇంటికెళ్ళాక గోడ మీద నీళ్ళ మరక ఎంతెత్తున ఉందో, పక్కన టేపు పెట్టి కొలిచి, ఫోటో తీసి పంపుతావా? కడిగెయ్యకముందే కొలిస్తే మంచిది. మీ వీధిలో ఇంకెవరూ అలాంటివి చెప్పరు.

అత్తయ్యకి ముద్దు. శనివారం వస్తున్నాను.

నీ
భాను


మిల్లగూరా
11 ఏప్రిల్ 2025

భానుశ్రీ గారికి,

మీరు మార్చి తొమ్మిదిన రాసిన ఉత్తరం నిన్న అందింది. పోస్టాఫీసు కూడా మునగడంతో సంచులన్నీ వేరే ఊళ్ళో ఉన్నాయట. మీరు దహనానికి వచ్చి వెళ్ళిన తర్వాత, పెద్దకర్మ కూడా అయిపోయిన తర్వాత, మీ అత్తయ్యకి ముద్దు చేరింది.

మీరు అడిగిన మరక కొలిచాను. వంటింట్లో నేల నుంచి నూట నాలుగు సెంటీమీటర్లు. గట్టు తొంభై. టేపు పెట్టి ఫోటో తీయమన్నారు, తీశాను, ఇందులో పెట్టాను. మీ పనికి వస్తుందనుకుంటాను.

ఆవిడ ఎలా పోయిందో మీ అమ్మ మీకు చెప్పే ఉంటుంది. అయినా ఒకసారి నేను కూడా రాస్తాను. మానని కుట్ల మీద నది నీళ్ళు పడ్డాయి. ఊరి మురుగు, డీజిలు, చచ్చిన పశువులు అన్నీ కలిసిన నీళ్ళు. ఆస్పత్రిలో శుభ్రంగానే చూశారు. తర్వాత మోకాలు ఎర్రబడింది, జ్వరమొచ్చింది, విషం రక్తంలోకి పాకింది. మీరు శనివారం వస్తున్నారంటే జడ విప్పుకుని కూచుంది, భాను వేస్తానంది అని. మీరు వచ్చేసరికి గొట్టాలు పెట్టేశారు.

దహనం రోజు మీతో మాట్లాడలేదని నలుగురూ నన్ను తప్పుబట్టారు. మీ తప్పు లేదని వాళ్ళకంటే నాకు బాగా తెలుసు. ఒక్క అంకె అడిగింది నేను. అటూ ఇటూ వద్దన్నది నేను. ఒట్టేయించుకున్నది నేను. మీరు ఒట్టు నిలబెట్టుకున్నారు. తప్పితే మనిషి పోతారని మన వాళ్ళంటారు, నిలబెట్టుకుంటే పోతారని ఎవరూ చెప్పలేదు.

ఎప్పట్లాగే రెండు కలిపి పధ్నాలుగని పంపి ఉంటే, నేను మిమ్మల్ని తిట్టుకుంటూ దాన్ని బుధవారమే దింపేవాణ్ణి. ఏడుస్తూ దిగేది, దిగాక నన్ను తిట్టేది. ఇవాళ ఈ పక్క గదిలో ఉండేది. ఈ లెక్క నేను రోజూ వేస్తున్నాను. రోజూ మీ మీద కోపం వస్తోంది, నిజం చెప్పినందుకు. న్యాయం కాదని తెలుసు. తెలిసినా వస్తోంది. మీ గొంతు విన్నా, మీ దస్తూరీ చూసినా వస్తోంది. నిన్ను అని రాయడానికి చెయ్యి రావట్లేదు, అందుకే మీరు అని రాస్తున్నాను. ఏమనుకున్నా అనుకోండి.

మీ మోడల్ బాగుపడినందుకు సంతోషం. దానికి మా ఇంటి నుంచి ఏం వెళ్ళిందో మీ ప్రొఫెసర్ గారికి చెప్పండి.

చలపతి


వెర్రిబీ
30 నవంబర్ 2025

మావయ్యా,

నన్ను తిట్టు. ఒసే అని, దరిద్రురాలా అని, ఏదైనా రాయి. మీరు అని మాత్రం రాయకు. ఆ ఉత్తరం మళ్ళీ చదవలేక అమ్మకిచ్చేశాను.

ఆ తొమ్మిదో తారీఖు ఉత్తరం నేను ఎలా రాశానో నాకే తెలియదు. మీరు బతికి ఉన్నారన్న సంతోషంలో తెలివి తప్పి రాశాను. ఆ వరద మీద మా టీమ్ రాసిన పేపర్లోంచి నా పేరు తీసేయించాను. దాంతో ఏమొస్తుందని అడుగుతావు. ఏం రాదు.

మళ్ళీ వానలొస్తున్నాయి. నీ కొత్త నంబరుకి మెసేజీలు పెడుతున్నాను. చూస్తున్నావో లేదో తెలియదు. ఈసారి నది లేస్తే అంకె పంపాలో, కలిపి పంపాలో, అటూ ఇటూ చెప్పాలో నాకే తోచట్లేదు. ఆఫీసులో అంకె అడిగితే పక్కవాళ్ళని చెప్పమంటున్నాను. మునిగిన ఇళ్ళతో పాటు ఆ ఇల్లు కూడా గవర్నమెంటు కొనుక్కుంటానందని అమ్మ చెప్పింది. ఇచ్చెయ్యి. అది కుదరకపోతే కనీసం నది కాస్త కదిలినా వెళ్ళిపో. నా మాట మీద కాదు, ఎవరి మాట మీదైనా సరే, వెళ్ళిపో.

ఒక్క ముక్క రాయి.

భాను


మిల్లగూరా
17 జనవరి 2026

భానుశ్రీ గారికి,

మీ ఉత్తరమూ, మెసేజీలూ అందుతున్నాయి. మెసేజీలు తెరవకుండా తీసేస్తున్నాను, కాబట్టి మీరు ఏ అంకె పంపాలా అని మథనపడక్కర్లేదు. ఎంతొస్తుందని ఇప్పుడు ఎవర్నీ అడగను.

ఇల్లు ఇంకా ఇవ్వలేదు, ఇస్తాను. టేకవే గ్యారీ కూతురు నడుపుతోంది, దోసెలు బాగానే వేస్తోంది.

నా గురించి మీ అమ్మగారు కంగారు పడుతున్నారట, ఆవిడకి చెప్పండి. వాన గట్టిగా పట్టిందంటే చాలు, హెచ్చరిక కోసం కూడా చూడకుండా షోగ్రౌండ్ హాలుకి వెళ్ళిపోతున్నాను. ఈ నెలలోనే రెండుసార్లు వెళ్ళాను. నది రాలేదు, పర్లేదు. వాళ్ళు కూడా నన్ను గుర్తుపట్టి మంచం వేసి ఉంచుతున్నారు. తలుపుకి తాళం వేసుకుని, చేతిసంచీ పట్టుకుని, గబగబా మెట్లు దిగిపోతున్నాను. మోసుకెళ్ళాల్సిన మనిషి లేదు కదా, అదేం పెద్ద పని కాదు.

చలపతి